స్థలం, షెడ్డు, మిషను: ఒక గ్రానైట్ యూనిట్ ఆస్తుల అమ్మకంలో క్యాపిటల్ అసెట్ లెక్కలు

ప్రకాశం జిల్లాలో గ్రానైట్ బ్లాకులు కొని, పలకలుగా కోసి, పాలిష్ పట్టి అమ్మే భాగస్వామ్య సంస్థ ఇది. భాగస్తులు ముగ్గురు. ఏటా ట్యాక్స్ ఆడిట్ ఉంటుంది. బ్యాంకులో క్యాష్ క్రెడిట్ (రోజువారీ వ్యాపారానికి వాడుకుంటూ, కడుతూ ఉండే అప్పు), టర్మ్ లోన్ రెండూ ఉన్నాయి. సంస్థను గుర్తుపట్టే వివరాలు తీసేశాం, అంకెలను లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా సర్దాం. చట్టం, రేట్లు మాత్రం 2024-25 ఆర్థిక సంవత్సరానివే. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తుంది. అక్కడ సెక్షన్ల అంకెలు మారతాయి కాబట్టి ఇక్కడ కనిపించే ఆదాయపు పన్ను సెక్షన్లన్నీ 1961 చట్టంలోవని గమనించాలి.

ఆ ఏడాది సంస్థ చేసిన పనులు మూడు. 2024 అక్టోబర్‌లో కొత్త మల్టీకట్టర్‌ను (బ్లాకులను పలకలుగా కోసే యంత్రం) వాడకంలోకి తెచ్చింది. డిసెంబర్ 19న ఒంగోలు దగ్గరున్న పాత యార్డును, 0.60 ఎకరం స్థలం, దానిలోని షెడ్డుతో కలిపి, రూ.2.10 కోట్లకు రిజిస్టర్ చేసింది. 2025 జనవరి 20న పాత మల్టీకట్టర్‌ను రూ.24 లక్షలకు అమ్మింది. ఇవి కాక, ఊరి పక్కనున్న రెండెకరాలను ప్లాట్లు వేసి అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన భాగస్తుల మధ్య నడుస్తోంది.

అకౌంటెంట్ తయారుచేసిన చిత్తు లెక్కలో ఒక్క యార్డు అమ్మకం మీదే పన్ను రూ.54.30 లక్షలు తేలింది. అంత పన్ను కట్టాల్సిన పనిలేదు. అయితే ఎందుకు లేదో చూపాలంటే లెడ్జర్లను విడగొట్టాల్సిందే.

ఏది క్యాపిటల్ అసెట్, ఏది కాదు

సెక్షన్ 2(14) నిర్వచనం చాలా విశాలమైనది. వ్యాపారంతో సంబంధం ఉన్నా లేకపోయినా, తన దగ్గరున్న ఎలాంటి ఆస్తి అయినా క్యాపిటల్ అసెట్టే. అందులోంచి కొన్నిటిని మినహాయించారు. వ్యాపారానికి ఉంచుకున్న సరుకు, ముడిసరుకు, వాడితే అయిపోయే సామగ్రి, సొంత వాడకపు చరాస్తులు, గ్రామీణ వ్యవసాయ భూమి వాటిలో ముఖ్యమైనవి. నగలు, పెయింటింగులు, శిల్పాలవంటి కళాఖండాలు సొంత వాడకానివే అయినా ఈ మినహాయింపు కిందకు రావు.

ఈ యూనిట్ యార్డులో ఒకే కంటిచూపులో మూడు రకాలూ కనిపిస్తాయి. గేటు పక్కన పేర్చిన బ్లాకులు, ర్యాకుల్లో నిలబెట్టిన పలకలు సరుకు. డైమండ్ సెగ్మెంట్లు, పాలిషింగ్ అబ్రేసివ్‌లు వాడితే అయిపోయేవి. గ్యాంట్రీ క్రేన్, మల్టీకట్టర్, లైన్ పాలిషర్, ట్రాన్స్‌ఫార్మర్, షెడ్డు, స్థలం క్యాపిటల్ అసెట్లు. వీటిలోనూ మళ్లీ తేడా ఉంది. స్థలం మీద తరుగుదల (ఆస్తి అరిగేకొద్దీ ఏటా ఖర్చుగా రాసుకునే మొత్తం) రాదు, మిగతావాటి మీద వస్తుంది. ఈ కేసులో ఎక్కువ డబ్బు ఊగిసలాడింది ఈ తేడా దగ్గరే.

యార్డు అమ్మకం

ట్యాలీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'యార్డు స్థలం, షెడ్డు' అని ఒకే లెడ్జర్ ఉంది. 2009లో స్థలం రూ.18 లక్షలకు కొన్నారు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు రూ.1.80 లక్షలు. అంటే స్థలం కొన్న ఖర్చు రూ.19.80 లక్షలు. 2010 సెప్టెంబర్ నుంచి వాడిన షెడ్డుకు రూ.32 లక్షలు అయింది. అదృష్టవశాత్తు ఆదాయపు పన్ను తరుగుదల పట్టికలో మొదటి నుంచీ షెడ్డు రూ.32 లక్షలే చూపారు. అలా కాకుండా లెడ్జర్ మొత్తం మీద 10 శాతం తరుగుదల తీసుకుంటూ వచ్చి ఉంటే, 14 ఏళ్ల పట్టికను తిరగరాసే పని కూడా నెత్తిన పడేది. పాత భవనాల లెడ్జర్లు తెరిచినప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

పన్ను లెక్కలో తరుగుదలను ఆస్తికొకటిగా లెక్కించరు. ఒకే రకం, ఒకే రేటు ఉన్న ఆస్తులన్నిటినీ ఒక బ్లాక్‌గా కలుపుతారు. ఒకసారి బ్లాక్‌లో చేరిన ఆస్తికి విడిగా విలువ ఉండదు. ఫ్యాక్టరీ భవనాల రేటు 10 శాతం. ఈ బ్లాక్‌లో పాత షెడ్డుతోపాటు 2018 ఆగస్టులో రూ.85 లక్షలతో కట్టిన కొత్త షెడ్డు కూడా ఉంది. 2024 ఏప్రిల్ 1 నాటికి బ్లాక్ మిగులు విలువ ఇలా వచ్చింది:

పాత షెడ్డు, 14 ఏళ్ల తరుగుదల పోగా: రూ.7,32,057
కొత్త షెడ్డు, 6 ఏళ్ల తరుగుదల పోగా: రూ.45,17,249
బ్లాక్ మొత్తం: రూ.52,49,306

అకౌంటెంట్ రూ.2.10 కోట్లనూ ఈ బ్లాక్‌లోంచే తీసేశాడు. ఆస్తి అమ్మిన సొమ్ము బ్లాక్ విలువను మించితే, మించినంతా సెక్షన్ 50 కింద స్వల్పకాలిక మూలధన లాభం. ఆ ఆస్తి 15 ఏళ్లుగా చేతిలో ఉన్నా సరే. మధ్యవర్తి కమీషన్ రూ.2.10 లక్షలు కూడా తీసేస్తే లాభం రూ.1,55,40,694. సంస్థకు 30 శాతం పన్ను, ఆదాయం కోటి దాటింది కాబట్టి దానిపై 12 శాతం సర్‌ఛార్జి, ఆపై 4 శాతం సెస్సు కలిపి రూ.54,30,540. అంతటితో అయిపోదు. బ్లాక్ విలువ సున్నా అవుతుంది. కొత్త షెడ్డు కళ్లెదుట నిలబడి ఉన్నా దాని మీద ఇక ఒక్క రూపాయి తరుగుదల రాదు.

సరైన దారి స్థలాన్నీ షెడ్డునూ విడదీయడం. స్థలం ఏ బ్లాక్‌లోనూ ఉండదు. 24 నెలలు దాటి ఉంచుకున్నారు కాబట్టి అది దీర్ఘకాలిక ఆస్తి. షెడ్డు వాటా మాత్రమే బ్లాక్‌లోంచి తగ్గాలి.

ఎంత స్థలానిది, ఎంత షెడ్డుది అన్నదానికి ఆధారం కావాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు విలువలో గజం ధర, కట్టడం ధర విడివిడిగానే ఉంటాయి. 0.60 ఎకరం అంటే 2,904 గజాలు. గజం రూ.7,000 చొప్పున స్థలం రూ.2,03,28,000, కట్టడం రూ.24,00,000, మొత్తం రూ.2,27,28,000. ఇదే నిష్పత్తిలో రూ.2.10 కోట్లను పంచితే స్థలానికి రూ.1.88 కోట్లు, షెడ్డుకు రూ.22 లక్షలకు దగ్గరగా వస్తాయి. దస్తావేజులోని ఆస్తి షెడ్యూల్ కింద ఈ రెండు మొత్తాలనూ విడిగా రాయించారు. రిజిస్ట్రేషన్‌కు ముందే చేయాల్సిన పని ఇది. దస్తావేజులో ఒకే మొత్తం రాసేసి, తర్వాత వాల్యుయర్ రిపోర్టు తెప్పించుకుంటే అది చెల్లదని కాదు కానీ, అసెస్‌మెంట్‌లో ప్రతి ప్రశ్నా దాని చుట్టూనే తిరుగుతుంది.

సబ్‌రిజిస్ట్రార్ విలువ అమ్మకం ధర కంటే ఎక్కువగా ఉంది కదా, అలాంటప్పుడు ఆ విలువనే అమ్మకం ధరగా తీసుకోమనే సెక్షన్ 50సి అడ్డు రాదా? అమ్మిన ధరలో 110 శాతం లోపు ఉంటే అమ్మిన ధరనే తీసుకుంటారు. ఇక్కడ మొత్తం మీద తేడా 8.2 శాతం. విడివిడిగా చూసినా స్థలం 8.1 శాతం, కట్టడం 9.1 శాతం. మూడూ గట్టున పడ్డాయి. బేరం ఇంకో నాలుగు లక్షలు తగ్గి ఉంటే రూ.2.27 కోట్ల మీదే పన్ను కట్టాల్సి వచ్చేది. కొనుగోలుదారు 194-ఐఏ కింద కోయాల్సిన 1 శాతం టీడీఎస్‌కు మాత్రం ఈ 10 శాతం వెసులుబాటు లేదు. ధర, సబ్‌రిజిస్ట్రార్ విలువ రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీదే. అందుకే కోత రూ.2,27,280. ఈ టీడీఎస్ కట్టే ఫారం 26క్యూబీలో కొనుగోలుదారు రూ.2,10,000 మాత్రమే కట్టబోతే ముందుగానే సరిచేయించారు.

స్థలం లెక్క:

అమ్మకం ధర: రూ.1,88,00,000
కమీషన్‌లో స్థలం వాటా: రూ.1,88,000
కొన్న ఖర్చు: రూ.19,80,000
దీర్ఘకాలిక లాభం: రూ.1,66,32,000

2024 జూలై 23 తర్వాత జరిగిన అమ్మకం కాబట్టి రేటు 12.5 శాతం, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల సూచీ మేరకు కొన్న ఖర్చును పెంచి చూపడం) లేదు. సర్‌ఛార్జి, సెస్సులతో కలిపి 14.56 శాతం అవుతుంది. పన్ను రూ.24,21,619. ఆ తేదీకి ముందు కొన్న స్థలాలకు 'ఇండెక్సేషన్‌తో 20 శాతం' అనే పాత పద్ధతి ఎంచుకోవచ్చని భాగస్తుల్లో ఒకరు పట్టుబట్టారు. ఆ వెసులుబాటు భారత్‌లో నివసించే వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే. భాగస్వామ్య సంస్థకు, కంపెనీకి లేదు. ఉన్నా ఇక్కడ కలిసొచ్చేది కాదు. 2009-10 సూచీ 148, 2024-25 సూచీ 363. కొన్న ఖర్చు రూ.48.56 లక్షలకు పెరిగేది, లాభం రూ.1.37 కోట్లు, దాని మీద 20 శాతం రూ.27.51 లక్షలు. సర్‌ఛార్జి కలపకముందే 12.5 శాతం లెక్కలో వచ్చే రూ.20.79 లక్షల కంటే ఎక్కువ.

షెడ్డు వైపు లెక్క చిన్నది. రూ.52,49,306 లోంచి రూ.22,00,000 పోతే రూ.30,49,306. దాని మీద 10 శాతం, రూ.3,04,931 తరుగుదల ఈ ఏడాదికీ వస్తుంది. షెడ్డు అమ్మకం మీద మూలధన లాభం లేదు. బ్లాక్‌లో ఇంకా ఆస్తి ఉంది, విలువా ఉంది. కొత్త షెడ్డు లేకపోయి ఉంటే కథ వేరు. బ్లాక్ ఖాళీ అయ్యేది, కమీషన్ వాటా పోను రూ.14,45,943 స్వల్పకాలిక లాభం పడేది. అదే ఖాళీ బ్లాక్‌లో షెడ్డు మిగులు విలువ కంటే తక్కువకు పోతే వచ్చే నష్టం వ్యాపార నష్టం కాదు, స్వల్పకాలిక మూలధన నష్టం. మూలధన లాభాలకు ఎదురుగా మాత్రమే సర్దుబాటు చేసుకోవాలి, 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లొచ్చు.

బాండ్లు కొనాలా వద్దా

స్థలం లాభాన్ని అమ్మిన తేదీ నుంచి ఆరు నెలల్లోపు 54ఈసీ బాండ్లలో పెడితే రూ.50 లక్షల వరకు మినహాయింపు. సంస్థలకూ వర్తిస్తుంది. పెడితే పన్ను రూ.7,28,000 తగ్గుతుంది. దాదాపు అందరూ ఇచ్చే సలహా కూడా ఇదే. ఈ కేసులో మాత్రం లెక్కవేసి మానుకున్నారు.

బాండు వడ్డీ 5.25 శాతం, దానికీ పన్ను ఉంటుంది. అయిదేళ్లు తాళం. అదే రూ.50 లక్షలు క్యాష్ క్రెడిట్ ఖాతాలో పడితే 10 శాతం వడ్డీ మిగులుతుంది. తేడా ఏడాదికి రూ.2,37,500. సర్‌ఛార్జి లేని ఏళ్లలో సంస్థ పన్ను 31.2 శాతం, అది పోను రూ.1,63,400. అయిదేళ్లకు రూ.8.17 లక్షలు. నేటి విలువలోకి మార్చి చూస్తే రూ.6.72 లక్షల దాకా వస్తుంది. అంటే బాండ్ల వల్ల నికరంగా మిగిలేది యాభై అరవై వేలు. దానికోసం అయిదేళ్లపాటు అరకోటి కదలకుండా ఉంచడం, రేపు బ్లాకులు కొనడానికి బ్యాంకు చుట్టూ తిరగడం అనవసరం అనిపించింది. దీర్ఘకాలిక లాభంపై 20 శాతం పన్ను ఉన్న రోజుల్లో బాండ్లది స్పష్టమైన గెలుపు. 12.5 శాతానికి తగ్గాక, అప్పు ఉన్న సంస్థలకు ఈ లెక్క వేయకుండా బాండ్లు సూచించడం సరికాదు. అప్పు లేనివారికి, డబ్బు డిపాజిట్లలో పెట్టుకునేవారికి బాండ్లే మేలు.

తరుగుదల తీసుకున్న ఆస్తి అమ్మినప్పుడు సెక్షన్ 50 కింద లాభం పడితే బాండ్ల దారి మూసుకుపోయినట్టేనా అన్నదానికి, కాదనే చెప్పాలి. పాత 54ఈ సెక్షన్ విషయంలో 2016లో సుప్రీంకోర్టు వి.ఎస్. డెంపో కేసులో ఇదే తేల్చింది. లాభాన్ని స్వల్పకాలికంగా భావించడం లెక్క కట్టేంతవరకే, నిజంగా ఎక్కువకాలం ఉంచుకున్న ఆస్తి అయితే మినహాయింపు దక్కుతుంది. 54ఈసీలో మాత్రం ఇప్పుడు స్థలం, భవనం లాభాలకే చోటుంది, మిషన్లకు లేదు.

డిసెంబర్ 15 వాయిదా తర్వాత రిజిస్ట్రేషన్ జరిగింది కాబట్టి, టీడీఎస్ పోను రూ.21,94,339 మార్చి 15 లోపు అడ్వాన్స్ ట్యాక్స్‌గా కట్టారు. ముందు వాయిదాలకు ఈ లాభం మీద 234సి వడ్డీ (అడ్వాన్స్ ట్యాక్స్ వాయిదా తప్పితే పడేది) పడదు.

ఒక చిన్న ఉచ్చు ఉంది. యార్డు లాభం లాభనష్టాల ఖాతాలోకి జమైంది. ఆ ఖాతా నికర లాభం మీదే, ఖర్చుగా చూపగల భాగస్తుల జీతాల పరిమితి వేశారు. సెక్షన్ 40(బి)లో బుక్ ప్రాఫిట్ అంటే వ్యాపార ఆదాయం లెక్కప్రకారం తేలినది. మూలధన లాభం అందులో చేరదు. ఈ సంస్థ వ్యాపార బుక్ ప్రాఫిట్ రూ.46 లక్షలు. మొదటి రూ.6 లక్షలకు 90 శాతం రూ.5.40 లక్షలు, మిగతా రూ.40 లక్షలకు 60 శాతం రూ.24 లక్షలు, పరిమితి రూ.29.40 లక్షలు. చిత్తు లెక్కలో అది కోటి దాటిపోయింది.

పాత మల్టీకట్టర్: మూడు పుస్తకాల్లో మూడు అంకెలు

2021 ఆగస్టు 10న రూ.60 లక్షలకు కొన్న మిషను ఇది. రూ.10.80 లక్షల జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) అప్పుడే తీసుకున్నారు.

ఖాతా పుస్తకాల్లో 15 శాతం చొప్పున మూడేళ్ల తరుగుదల పోగా 2024 ఏప్రిల్ 1న విలువ రూ.36,84,750. అమ్మిన రోజు వరకు 295 రోజుల తరుగుదల రూ.4,46,713. మిగిలింది రూ.32,38,037, వచ్చింది రూ.24 లక్షలు. పుస్తకాల్లో నష్టం రూ.8,38,037.

ఆదాయపు పన్నులో ఈ నష్టానికి చోటు లేదు. లాభనష్టాల ఖాతాలో రాసిన నష్టాన్ని ఆదాయానికి తిరిగి కలపాలి, రూ.24 లక్షలను 15 శాతం బ్లాక్‌లోంచి తగ్గించాలి. ఆ నష్టం ఎక్కడికీ పోదు. బ్లాక్‌లో ఉండి ఏటా తరుగుదలగా వస్తుంది. లాభం వచ్చిన సందర్భంలోనూ అంతే. పుస్తకాల్లో లాభం కనిపించింది కదా అని పన్ను కట్టేస్తే డబ్బు వృథా. చిత్తు లెక్కలో రూ.8.38 లక్షలను తిరిగి కలపకుండానే, బ్లాక్‌లోంచి రూ.24 లక్షలు మాత్రమే తగ్గించారు. అంటే ఒకే నష్టాన్ని రెండుసార్లు వాడుకున్నట్టు. ట్యాక్స్ ఆడిట్ చేసేవారు మొదట పట్టుకునే పొరపాట్లలో ఇదొకటి.

జీఎస్టీలో ప్రశ్న వేరు. క్రెడిట్ తీసుకున్న యంత్రాన్ని అమ్మితే, జీఎస్టీ చట్టంలోని సెక్షన్ 18(6) ప్రకారం రెండు మొత్తాల్లో ఎక్కువది కట్టాలి. ఒకటి, అమ్మిన ధర మీద పన్ను: రూ.24 లక్షలకు 18 శాతం, రూ.4,32,000. రెండోది, వాడిన కాలం పోగా మిగిలిన క్రెడిట్. యంత్రాల ఆయుష్షు 60 నెలలుగా తీసుకుంటారు. వాడింది 41 నెలల 10 రోజులు. త్రైమాసికానికి 5 శాతం చొప్పున 14 త్రైమాసికాలకు 70 శాతం పోతే మిగిలేది 30 శాతం. నెలల లెక్కలోనూ భిన్నం వదిలేస్తే మిగిలినవి 18 నెలలు, అదీ 30 శాతమే. రూ.3,24,000. మొదటిదే ఎక్కువ కాబట్టి రూ.4,32,000 ఇన్వాయిస్ మీద వసూలు చేసి కట్టారు, చేతి నుంచి ఏమీ పడలేదు.

ఈ నియమం కరిచేది కొత్త యంత్రాన్ని తొందరపడి చౌకగా వదిలించుకున్నప్పుడు. ఇదే మిషను రూ.12 లక్షలకే పోయి ఉంటే, కొన్నవాడి నుంచి వచ్చేది రూ.2,16,000, ప్రభుత్వానికి కట్టాల్సింది రూ.3,24,000. తేడా రూ.1,08,000 సొంత జేబు. అన్నట్టు, భాగస్తుడు యంత్రాన్ని డబ్బు తీసుకోకుండా బంధువు యూనిట్‌కు ఇచ్చేసినా, క్రెడిట్ తీసుకున్న ఆస్తి అయితే షెడ్యూల్ 1 కింద అదీ సరఫరానే.

కొత్త మల్టీకట్టర్ ఖర్చు ఎంత

అకౌంటెంట్ కొత్త మిషను లెడ్జర్‌లో రూ.1,36,80,000 చూపాడు. మిషను పేరుతో వచ్చిన ప్రతి బిల్లూ అందులో పడింది. ఒక్కొక్కటి తీసి చూస్తే:

మిషను ధర, జీఎస్టీ క్రెడిట్ పోగా: రూ.1,10,00,000
రవాణా: రూ.1,80,000
దారి బీమా: రూ.22,000
కాంక్రీటు పునాది: రూ.6,40,000
బిగింపు కూలీ, క్రేన్ అద్దె: రూ.2,50,000
ట్రయల్‌కు వాడిన బ్లాకులు, కరెంటు: రూ.2,50,000
టర్మ్ లోన్ వడ్డీ, వాడకం మొదలయ్యేవరకు: రూ.3,15,000
డైమండ్ సెగ్మెంట్లు: రూ.9,00,000
ఆపరేటర్ల శిక్షణ: రూ.75,000
పూజ, ప్రారంభోత్సవం భోజనాలు: రూ.48,000

చివరి మూడూ ఆస్తి ఖర్చులోకి రావు. ఏఎస్ 10 (ఆస్తుల లెక్కలకు సంబంధించిన అకౌంటింగ్ ప్రమాణం) శిక్షణ ఖర్చును, ప్రారంభోత్సవ ఖర్చును స్పష్టంగా బయటపెట్టింది. సెగ్మెంట్లు కోతలో అరిగిపోయేవి. మార్చి 31న గోడౌన్‌లో మిగిలిన రూ.3.40 లక్షల సెగ్మెంట్లు ముగింపు స్టాకు, వాడేసిన రూ.5.60 లక్షలు ఆ ఏడాది ఖర్చు. వాటిని మిషనుతో కలిపితే ఈ ఏడాది దక్కేది ఆరో వంతు, పైగా వచ్చే ఏడాది కొత్త సెగ్మెంట్లను ఎక్కడ రాయాలన్న గొడవ. ఇదే ప్రశ్న స్పేర్ మోటారుకు వస్తే జవాబు వేరు. ఆ మిషనుకు తప్ప దేనికీ పనికిరాని, ఏడాదికి మించి పనిచేసే పెద్ద స్పేరు ఆస్తే అవుతుంది.

ట్రయల్‌లో తీసిన పలకలు రూ.1,20,000కు అమ్ముడుపోతే అమ్మకాల్లో కలిపారు. దాన్ని ట్రయల్ ఖర్చులోంచి తగ్గించాలి. నికరంగా రూ.1,30,000 చేరుతుంది.

వడ్డీ దగ్గర పుస్తకాలు, పన్ను విడిపోతాయి. ఏఎస్ 16లో, సిద్ధం కావడానికి చాలాకాలం, మామూలుగా ఏడాది, పట్టే ఆస్తికే వడ్డీ కలపాలి. ఈ మిషను బిగింపు మూడు నెలల పని. పుస్తకాల్లో వడ్డీ ఖర్చులోకే పోతుంది. పన్నులో సెక్షన్ 36(1)(iii) షరతు ప్రకారం ఆస్తి వాడకంలోకి వచ్చేవరకు పడిన వడ్డీ ఖర్చుగా రాదు, ఎంత తక్కువ కాలమైనా సరే. ఆస్తి ధరకే కలపాలి.

బిగింపు ముఠాకు ఒక్కరోజులో రూ.40,000 నగదు ఇచ్చారు. ఒకరికి ఒక రోజులో రూ.10,000 మించి నగదుగా చెల్లిస్తే, సెక్షన్ 43(1) ప్రకారం ఆ సొమ్ము పన్ను లెక్కలో ఆస్తి ధరలోకి చేరదు. ఆ ఏడాదే కాదు, దాని మీద తరుగుదల ఎన్నటికీ రాదు. మామూలు ఖర్చులకు ఈ నగదు పరిమితి ఉందని అందరికీ తెలుసు. ఆస్తి కొనుగోలుకూ ఉందన్నది 2017-18 నుంచి ఉన్నా ఇంకా చాలామంది చూసుకోరు.

అలా ఒకే మిషనుకు పుస్తకాల్లో రూ.1,22,22,000, పన్నులో రూ.1,24,97,000 వచ్చాయి. రెండూ సరైనవే. తేడాను వివరించే కాగితం ఫైల్లో ఉంటే చాలు.

పునాది బిల్లులో ఇంకో చిక్కు. అదే మేస్త్రీ కాంట్రాక్టరు షెడ్డు పొడిగింపునూ కలిపి ఒకే ఇన్వాయిస్ ఇచ్చాడు. యంత్రం పునాది, దాన్ని నిలబెట్టే కట్టడం జీఎస్టీలో యంత్రంలో భాగమే, క్రెడిట్ వస్తుంది. షెడ్డు గోడలు, కప్పు, ఇతర సివిల్ పని మీద క్రెడిట్ సెక్షన్ 17(5) కింద ఆగిపోతుంది. 2024 అక్టోబర్‌లో సఫారీ రిట్రీట్స్ తీర్పులో సుప్రీంకోర్టు 'ప్లాంట్ ఆర్ మెషినరీ' అన్న మాట ఆధారంగా భవనాల మీద క్రెడిట్‌కు ఒక తలుపు తెరిచింది. 2025 ఫైనాన్స్ చట్టం దాన్ని 2017 జూలై 1 నుంచే 'ప్లాంట్ అండ్ మెషినరీ'గా మార్చి మూసేసింది. అందుకే ఇన్వాయిస్‌ను రెండుగా రాయించారు. షెడ్డు పొడిగింపు మార్చి 31కి పూర్తికాలేదు. అది క్యాపిటల్ వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌లో ఉంది, భవనాల బ్లాక్‌లోకి చేరలేదు.

180 రోజులు, అదనపు తరుగుదల

కొన్న ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం తరుగుదలే. 2024-25కు ఆఖరి తేదీ అక్టోబర్ 3. ట్రయల్ సెప్టెంబర్ 20న మొదలైంది, అంటే 193 రోజులు. వాణిజ్య ఉత్పత్తి అక్టోబర్ 9న, అంటే 174 రోజులు. ట్రయల్ ఉత్పత్తిని వాడకంగా ఒప్పుకున్న హైకోర్టు తీర్పులున్నాయి కాబట్టి పూర్తి రేటు అడగొచ్చు కదా అన్నారు. అడగొచ్చు. కానీ అక్టోబర్ 8 వరకు వడ్డీని ఆస్తికి కలిపి, సెప్టెంబర్ 20 నుంచే వాడుతున్నామని చెప్పడం కుదరదు. రెండు చోట్లా ఒకే తేదీ ఉండాలి. పోయేది ఒక ఏడాది ఆలస్యమే కాబట్టి అక్టోబర్ 9నే ఖాయం చేశారు.

తయారీ పరిశ్రమలో కొత్త యంత్రాలకు 20 శాతం అదనపు తరుగుదల ఉంది. సగం రేటు పడిన ఏడాది 10 శాతం, మిగతా 10 వచ్చే ఏడాది. బ్లాకును పలకగా కోయడం తయారీయేనా అన్న అనుమానం పాతది. పాలరాయి బ్లాకుల కోత తయారీ కాదన్న తీర్పులు ముందు వచ్చినా, 2009లో అరిహంత్ టైల్స్ కేసులో సుప్రీంకోర్టు కోత, పాలిష్‌తో పలకలు, టైల్స్ తీయడం తయారీ లేదా ఉత్పత్తేనని చెప్పింది. ఆ ధైర్యంతోనే తీసుకున్నారు. భాగస్వామ్య సంస్థకు 115బీఏసీ కొత్త పద్ధతి (మినహాయింపులు వదులుకుని తక్కువ రేట్లు ఎంచుకునేది) వర్తించదు కాబట్టి అటువైపు నుంచి అడ్డులేదు. ఇదే యూనిట్ ఒకే వ్యక్తిదై, కొత్త పద్ధతిలో ఉంటే అదనపు తరుగుదల ఉండేది కాదు.

15 శాతం బ్లాక్ చివరికి ఇలా తేలింది. మొదటి విలువ రూ.96,00,000, పాత మిషను అమ్మకం రూ.24,00,000 పోగా రూ.72,00,000 మీద రూ.10,80,000. కొత్త మిషను మీద 7.5 శాతం రూ.9,37,275, అదనంగా 10 శాతం రూ.12,49,700. మొత్తం తరుగుదల రూ.32,66,975. ముగింపు విలువ రూ.1,64,30,025. వచ్చే ఏడాదికి మిగిలిన రూ.12,49,700 అదనపు తరుగుదల ముగింపు విలువలో కనిపించదు. దాన్ని విడిగా రాసిపెట్టకపోతే మరుసటి ఏడాది ఎవరికీ గుర్తుండదు. అకౌంటెంట్ మారిన చోట ఇది తరచుగా జారిపోతుంది. రేట్ల విషయంలో మరో మాట. సొంత పలకలు మోసే లారీకి 15 శాతమే. 30 శాతం కిరాయికి తిప్పే లారీలకు. ఈ సంస్థ పట్టికలో రెండేళ్లుగా 30 వేస్తున్నారు, దాన్నీ సరిచేశారు.

ప్లాట్ల ఆలోచన

రెండెకరాలూ 2016లో స్టాక్‌యార్డు కోసం కొన్నవి. గ్రామీణ వ్యవసాయ భూమి కాబట్టి పన్నే లేదని ఒక భాగస్తుడి వాదన. ఒంగోలు జనాభా లక్ష దాటి పది లక్షల లోపు ఉంది కాబట్టి మునిసిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్ల దాకా భూమి క్యాపిటల్ అసెట్టే. ఆ దూరాన్ని రోడ్డు మీద కాదు, సరళరేఖలో కొలవాలి. 2011 జనాభా లెక్కలే ఇప్పటికీ ఆధారం. రోడ్డు మీద 7.5 కిలోమీటర్లు ఉన్న ఈ భూమి సరళరేఖలో 5 కిలోమీటర్లు. పైగా అక్కడ సాగే జరగడం లేదు.

ప్లాట్లు వేస్తే అది సరుకుగా మారినట్టు. మార్చిన రోజు మార్కెట్ విలువకూ కొన్న ఖర్చుకూ తేడా సెక్షన్ 45(2) కింద మూలధన లాభం. దాన్ని ప్లాట్లు అమ్ముడైన ఏడాదుల్లో, అమ్ముడైనంత మేరకు చూపాలి. ఆ విలువకు పైన వచ్చేదంతా వ్యాపార ఆదాయం, 30 శాతం. అందుకే మార్పిడి తేదీ, ఆ రోజు విలువ కాగితం మీద లేకపోతే లాభమంతటినీ వ్యాపారంలోకి లాగే అవకాశం అధికారికి చిక్కుతుంది. 54ఈసీ బాండ్లకు ఆరు నెలలు మార్చిన తేదీ నుంచి కాక ప్లాటు అమ్మిన తేదీ నుంచి లెక్కించాలని 2000 సంవత్సరపు 791వ సర్క్యులర్‌లో ఉంది. మార్చాక 50సి బదులు, సరుకుగా ఉన్న స్థలానికి అలాంటి నియమమే అయిన 43సీఏ వస్తుంది.

భాగస్తులకు చెప్పింది ఇది: లేఅవుట్ ప్లాన్‌కు దరఖాస్తు పెట్టేముందు భాగస్తుల తీర్మానం, రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు, స్థలం ఖాతా నుంచి స్టాకు ఖాతాకు బదిలీ ఎంట్రీ, మూడూ ఒకే తేదీతో ఉండాలి. ఎకరాల లెక్కన మొత్తం ఒకేసారి అమ్మేస్తే ఈ తతంగం లేకుండా అది దీర్ఘకాలిక లాభంగానే మిగులుతుంది. ప్లాట్లలో వచ్చే అదనపు ధర, రోడ్లు, కాలువల ఖర్చు, రెండు పన్ను రేట్ల మధ్య తేడాను మించుతుందో లేదో లేఅవుట్ అంచనా వచ్చాకే తేలుతుంది.